చల్లదనానికి పూచీ పడే కొలువు

భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన వనామీ రొయ్య అమెరికాలో ఓ సూపర్‌మార్కెట్‌కు చేరేలోపు చాలా చేతులు మారుతుంది. చెరువు గట్టున ఐసు వేసిన ట్రేలు, ప్రాసెసింగ్ ప్లాంటు, మైనస్ 40 డిగ్రీల దాకా వెళ్లే ఫ్రీజర్లు, మైనస్ 18 దగ్గర నిల్వ ఉంచే కోల్డ్ స్టోరేజీ, రీఫర్ (శీతల) కంటైనర్, విశాఖ పోర్టు, ఆ తర్వాత వారాల తరబడి ఓడ ప్రయాణం. రొయ్యల సాగులో దేశంలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం కాబట్టి ఈ దారి పొడవునా ఉద్యోగాలున్నాయి. వాటిలో సరుకు ఒకరి నుంచి ఇంకొకరికి మారేచోట నిలబడి, ఉష్ణోగ్రతకు నేను పూచీ అని సంతకం చేయగల మనిషి పనికే భవిష్యత్తు ఎక్కువని నా నమ్మకం.

ఎందుకో చెబుతాను. రీఫర్ కంటైనర్ సరుకును గడ్డకట్టించదు, గడ్డకట్టిన సరుకును అదే స్థితిలో నిలిపి ఉంచుతుంది, అంతే. మైనస్ 10 దగ్గర ఎక్కించిన పెట్టెలు దారిలో వాటంతటవే మైనస్ 18కి దిగిపోతాయనుకోవడం పొరపాటు. చల్లగాలి నేల మీది గాడుల గుండా వచ్చి పెట్టెల మధ్య నుంచి పైకి లేచి వెనక్కి వెళ్లాలి. లోపలి గోడ మీది ఎర్రగీత దాటి పెట్టెలు పేరిస్తే ఆ దారి మూసుకుపోతుంది. తలుపులు తెరిచి లోడింగ్ చేస్తున్నంతసేపూ యూనిట్ ఆపి ఉంచాలి. లేకుంటే బయటి తేమగాలిని లోపలికి లాగి కాయిల్ మీద మంచు పేరుస్తుంది. ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిన సరుకును కళ్లతోనే పసిగట్టవచ్చు. విడివిడిగా ఉండాల్సిన రొయ్యలు ముద్దకడతాయి, సంచి అడుగున మంచుపొడి చేరుతుంది. గడ్డకట్టించినంత మాత్రాన బాక్టీరియా అంతా చావదు, పెరగడం ఆగుతుంది. కాబట్టి కరిగిన ఆ కాసేపట్లో ఏం జరిగిందన్నది తినేవాడి ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్న.

ఇవన్నీ సెన్సర్లు చూసుకోవా అని అడగవచ్చు. డేటా లాగర్ అంకెను నమోదు చేస్తుంది, లోడింగ్ ఆపమని మేనేజర్‌కు ఎదురు చెప్పదు. అమెరికాలో 1997 నుంచి అమల్లో ఉన్న సీఫుడ్ హ్యాసప్ (ప్రమాదం తలెత్తే దశలను ముందే గుర్తించి అదుపులో ఉంచే ఆహార భద్రతా పద్ధతి) నిబంధనల ప్రకారం, శిక్షణ గానీ దానికి సాటి వచ్చే అనుభవం గానీ ఉన్నవారే ఇలాంటి ఉష్ణోగ్రత రికార్డులను పరిశీలించాలి. అంటే మనిషి అవసరాన్ని చట్టమే నిలబెట్టింది. ఎగుమతులు సుంకాల మీద ఆధారపడి ఉంటాయన్న భయం ఇంకా బలమైనది. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు రొయ్య రైతు ఎంత నలిగిపోయాడో చూశాం. అయితే చేతికొచ్చిన విద్య రొయ్యతో ఆగిపోదు. పాలు, ఐస్‌క్రీం, మాంసం, 2 నుంచి 8 డిగ్రీల మధ్య కాపాడాల్సిన హైదరాబాద్‌లో తయారయ్యే టీకాలు, అన్నింటికీ కావలసింది ఈ క్రమశిక్షణే. చలిలో రాత్రి షిఫ్టులు, మొదట్లో చిన్న జీతాలు ఉంటాయన్న మాట మాత్రం నిజం. దాన్ని దాచి ఎవరినీ ఇటు పిలవకూడదు.

బైపీసీ వారికి ఈఏపీసెట్ ద్వారా బీఎఫ్‌ఎస్సీ (మత్స్య శాస్త్ర డిగ్రీ) ఉంది. ఎంపీసీ వారికి ఫుడ్ టెక్నాలజీ, పదో తరగతితో ఐటీఐలో రెండేళ్ల రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ ట్రేడ్ ఉన్నాయి. ఏ దారిలో వచ్చినా హ్యాసప్ శిక్షణ తీసుకోండి, థర్మామీటరును ఐసునీళ్లలో ముంచి సున్నా చూపుతోందో లేదో సరిచూసుకోవడం అలవాటు చేసుకోండి. ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు జీతంతోపాటు ఇంకో మాట కూడా అడగండి: ఉష్ణోగ్రత తేడాగా ఉంటే కంటైనర్‌ను ఆపే అధికారం ఇక్కడ ఎవరికుంది? క్వాలిటీ విభాగానికి అని జవాబొచ్చిన చోట చేరండి.