జవాబు కంటే దారి ముందు

కడప

చిరంజీవి పాపకు,



మొదటి మిడ్‌లో లెక్కల మార్కులు బాగా తగ్గినాయని, హాస్టల్లో నువ్వు సరిగా అన్నం కూడా తినడం లేదని మీ నాయన ఫోన్ చేసి చెప్పినాడు. ఇంటర్లో లెక్కలంటే అందరికన్నా ముందుండేదానివి. కర్నూలుకు పోయి ఇంజనీరింగులో చేరేసరికి ఇట్లా ఎందుకైందని నీకు దిగులు. ఏళ్ల తరబడి మొదటి సంవత్సరం పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి, ఈ దిగులు నాకు కొత్త కాదు. నీ తెలివికి ఏ లోటూ లేదు. మార్చుకోవలసింది ఒక అలవాటు. అదేమిటో వివరంగా రాస్తున్నాను, నిదానంగా చదువు.

ఈఏపీసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు. అందులో 80 లెక్కలవే. ప్రశ్నకు నిమిషం పైచిలుకు సమయం, కళ్ల ముందు నాలుగు జవాబులు. ఒక్కోదాన్నీ ప్రశ్నలో వేసి చూసి, కుదరనివాటిని కొట్టేసి, మిగిలినదానికి గుర్తు పెడితే మార్కు వచ్చేస్తుంది. రెండేళ్లు నీ చేత చేయించింది ఈ సాధనే. ఇంజనీరింగు పేపర్లో ఆ నాలుగు జవాబులు ఉండవు. తెల్లకాగితం మీద మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా నువ్వే పోవాలి, ఏ మెట్టు ఎందుకు వేసినావో చెప్పాలి. జవాబును గుర్తుపట్టడం నీకు బాగా వచ్చు. దారి వేయడం ఇప్పుడు నేర్చుకోవాలి.

దానికి ముందు ఒకసారి వెనక్కి చూసుకో. మొదటి సెమిస్టరులో మ్యాట్రిసెస్, కాలిక్యులస్, రెండో సెమిస్టరులో డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, వెక్టర్ కాలిక్యులస్. వీటి వేళ్లన్నీ మీ ఇంటర్ పుస్తకాల్లోనే ఉన్నాయి. పేపర్లు దిద్దేటప్పుడు నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం కొత్త పాఠంలోవి కావు. ఎ స్క్వేర్ ప్లస్ బి స్క్వేర్‌కు వర్గమూలం ఎ ప్లస్ బి అని రాసేస్తారు. 3, 4 వేసి చూస్తే వర్గమూలం 5, కూడిక 7. సైన్ 2ఎక్స్‌ను 2 సైన్ ఎక్స్ చేసేస్తారు. 90 డిగ్రీలు పెట్టి చూస్తే ఒకటి సున్నా, ఇంకొకటి 2. సైన్ డెరివేటివ్ కొసైన్ అనే మాట రేడియన్లలోనే నిజమని మరిచిపోయి, క్యాలిక్యులేటర్‌ను డిగ్రీల్లోనే ఉంచుతారు. అందుకని రోజూ ఒక గంట కేటాయించి ట్రిగనామెట్రీ, లాగరిథమ్స్, పార్షియల్ ఫ్రాక్షన్లు, ఇంటిగ్రేషన్ మళ్లీ చేయి. అనుమానం వచ్చిన ప్రతి సూత్రాన్నీ చిన్న అంకెలు వేసి పరీక్షించు. ఈ పనికి సిగ్గుపడవద్దు.

ఇక అసలు మాట. ఇంటిగ్రేషన్ అంటే ఫార్ములాల పట్టిక అనుకుంటున్నావు. మన సీమ పిల్లకు అది చిన్నప్పటి నుంచీ తెలిసిందే. వానాకాలంలో పేపరు తీస్తే శ్రీశైలానికి ఇన్ని క్యూసెక్కులు వస్తున్నాయి, ఇన్ని టీఎంసీలు నిల్వ ఉంది అని రెండు లెక్కలు కనిపిస్తాయి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అది నీరు వచ్చే వేగం. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అది మొత్తం. రోజుకు 86,400 సెకన్లు. వంద కోట్లను దాంతో భాగిస్తే దాదాపు 11,574. అంటే అన్ని క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. శ్రీశైలం నీళ్లను సీమకు మళ్లించే పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ పాత సామర్థ్యం 11,150 క్యూసెక్కులు, కాబట్టి రోజుకు టీఎంసీకి కాస్త తక్కువ. తర్వాత దాన్ని 44,000కు పెంచినారు, అంటే రోజుకు 3.8 టీఎంసీలు. ఇంతవరకు ఉత్త గుణకారమే.

ప్రవాహం రోజంతా ఒకే తీరుగా లేకపోతే? సున్నా దగ్గర మొదలై, 24 గంటల్లో సమంగా పెరుగుతూ 44,000కు చేరిందనుకో. అడ్డంగా కాలం, నిలువుగా క్యూసెక్కులు పెట్టి గ్రాఫు గీయి. త్రిభుజం వస్తుంది. దాని వైశాల్యం 3.8లో సగం, 1.9 టీఎంసీలు. గీత ఎన్ని వంకర్లు తిరిగినా దాని కింది వైశాల్యమే వచ్చిన నీళ్లు. ఇదే ఇంటిగ్రేషన్. నిల్వ గంటగంటకూ ఎంత మారిందో చూసి వేగాన్ని పట్టుకుంటే అది డిఫరెన్షియేషన్. జలాశయంలో ఎంత నీరు పడుతుందో తేల్చడానికి కూడా ఒక్కో మట్టం దగ్గర నీటి విస్తీర్ణం కొలిచి, అడుగు నుంచి పైదాకా ఇంటిగ్రేట్ చేస్తారు. మొదట్లో 308 టీఎంసీలున్న శ్రీశైలం సామర్థ్యం పూడిక వల్ల 215 టీఎంసీల దగ్గరకు దిగిందని తెలిసింది ఇట్లాంటి సర్వేలతోనే.

వచ్చే నీటిలోంచి పోయే నీటిని తీసేస్తే నిల్వ మారే వేగం. రెండో సెమిస్టరులో నీకు ఎదురయ్యే డిఫరెన్షియల్ ఈక్వేషన్లకు ఇంతకంటే సూటి ఉదాహరణ నాకు తెలీదు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. గేట్లు వదలగలిగినదాని కంటే వచ్చిన వరద ఎక్కువై, నీళ్లు కట్ట మీదుగా పొర్లినాయి. దిగువ పల్లెల్లో ఇళ్లు కొట్టుకుపోయినాయి, మనుషులు చనిపోయినారు. నీళ్లు ఇంత వేగంగా పెరుగుతుంటే జలాశయం నిండడానికి ఎన్ని గంటలుందో చెప్పగలిగేది ఆ చిన్న ఈక్వేషనే. దాన్ని పది మార్కుల ప్రశ్నగా మాత్రమే చదవవద్దు.

నీది ట్రిపుల్ఈ కదా, నీళ్లతో నాకేం పని అనుకోకు. కెపాసిటర్‌లో చార్జి చేరడానికీ ఇదే తీరు ఈక్వేషన్. మన చేలల్లో బోరు మోటారు లాగే కరెంటు ఓల్టేజి కంటే వెనకబడి నడుస్తుంది. ఆ వెనకబాటును కాంప్లెక్స్ సంఖ్యలో కోణంగా రాస్తారు. దాన్ని తగ్గించడానికే మోటారు దగ్గర కెపాసిటర్ పెట్టుకోమని రైతులకు చెబుతారు. ఇంటర్లో అక్కరకు రాదనుకున్న ‘ఐ’ అనే అక్షరం ఇక్కడ పనిచేస్తోంది.

మ్యాట్రిసెస్ కూడా అంతే. ఇన్వర్స్ కట్టడం యంత్రంలా చేసుకుపోవద్దు, అది ఎప్పుడు ఉండదో, ఎందుకు ఉండదో ఆలోచించు. మూడో ఈక్వేషన్ మొదటి రెండింటి కూడికే అయితే అది కొత్త సంగతేమీ చెప్పదు. ర్యాంకు పట్టుకునేది దాన్నే. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు 1920లో అప్పటి బళ్లారి జిల్లా హడగళిలో తెలుగింట పుట్టినారు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివినారు. ఇన్వర్స్ లేని మ్యాట్రిక్స్‌తో ఏం చేయాలనే ప్రశ్న మీద ఎస్.కె. మిత్రాతో కలిసి 1971లో ఒక పుస్తకమే తెచ్చినారు. ‘ఇన్వర్స్ లేదు’ అని రాసి నువ్వు లెక్క ముగించే చోట ఆయన పని మొదలైంది.

రోజువారీ పద్ధతి చెబుతాను. గ్రేవాల్ ఇంజనీరింగు లెక్కల పుస్తకంలో సాధించి చూపిన లెక్కను ఒకసారి చదివి, పుస్తకం మూసి, నీ అంతట నువ్వు మొదటి నుంచి రాయి. ఆగిపోతే వెంటనే పేజీ తెరవకు, కనీసం పావుగంట దాంతో కుస్తీ పట్టు. ప్రతి మెట్టు పక్కన కారణం రాయి. పాఠ్యపుస్తకం ఇంగ్లీషు అడ్డుపడితే నిర్వచనాన్ని మన మాటల్లో రాసుకుని, మళ్లీ ఇంగ్లీషులోకి నువ్వే మార్చు. వారానికోసారి నీ గదిలో పిల్లకు ఒక లెక్క బోర్డు మీద చెప్పు. చెప్పేటప్పుడు ఎక్కడ తడబడితే అక్కడ నీకు అర్థం కాలేదని తెలుస్తుంది. అది తీసుకుని లెక్చరర్ దగ్గరకు పో. పాత ప్రశ్నాపత్రాలు చివరి పది రోజులకు ఉంచుకో. ముందు వాటినే పట్టుకుంటే మళ్లీ గుర్తుపట్టే అలవాటులోకే జారిపోతావు. ఏ పూటా అన్నం మానవద్దు, రాత్రి మేలుకొని చదివి పొద్దున క్లాసులో కునికిపాట్లు పడవద్దు.

ఈ ఆదివారం అన్నింటికంటే కష్టంగా తోచిన ఒక్క లెక్క తీసుకో. నీ చేత్తో, కారణాలతో సహా రాసి ఫోటో పంపు. జవాబు రాకపోయినా పరవాలేదు. ఎక్కడ ఆగినావో అక్కడ గీత గీసి, ఎందుకు ఆగినావో ఒక వాక్యం రాయి. ఆ వాక్యం దగ్గర నుంచి ఇద్దరం కలిసి చేద్దాం.

ఆశీస్సులతో,
మీ పెద్దనాయన