శరణార్థి పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య: సిరియా అనుభవం

తిండి, గూడు, మందు అందాకే చదువు అన్నది శరణార్థుల సహాయంలో చాలాకాలం సాగిన పద్ధతి. ఆ వరుస సరికాదని సిరియా సంక్షోభం నిరూపించింది. 2011లో మొదలైన అంతర్యుద్ధంతో లక్షలాది కుటుంబాలు లెబనాన్, జోర్డాన్, తుర్కియే చేరాయి. ఏళ్లు గడిచినా చాలామంది తిరిగి వెళ్లలేకపోయారు. మెదడు వేగంగా ఎదిగే తొలి ఐదేళ్లు పిల్లలకు అక్కడే గడిచిపోయాయి. సాయం తాత్కాలికమే కావచ్చు గానీ, ఆ వయసు మళ్లీ రాదు. అందుకే సెసమీ వర్క్‌షాప్, ఇంటర్నేషనల్ రెస్క్యూ కమిటీ కలిసి ‘అహ్లన్ సిమ్‌సిమ్’ అనే శిశువిద్యా కార్యక్రమాన్ని చేపట్టాయి. మెక్‌ఆర్థర్ ఫౌండేషన్ 2017లో 10 కోట్ల డాలర్ల గ్రాంటు ప్రకటించగా, 2020లో అరబిక్ టీవీ కార్యక్రమం మొదలైంది. తల్లిదండ్రులకు మార్గదర్శనం ఇందులో మరో భాగం.

భవనాలు, టీచర్లు లేనిచోట శిశువిద్య సాధ్యమా అన్నది మొదటి అభ్యంతరం. లెబనాన్‌లో ఫోన్ ద్వారా 11 వారాలు నడిపిన పాఠాలు, ఏడాదిపాటు ప్రీస్కూలుకు వెళ్లినదానితో పోల్చదగిన ఫలితమిచ్చాయని న్యూయార్క్ యూనివర్సిటీ పరిశోధకులు తేల్చారు. స్థానిక పేదల వాటా తగ్గుతుందన్నది రెండో అభ్యంతరం. ఆ భయం అర్థం చేసుకోదగినదే. అయితే టీవీ పాఠం ఒకరు చూస్తే మరొకరికి తగ్గదు. మిగతా సేవలనూ ఇరువర్గాల పిల్లలకూ కలిపి అందిస్తే వైరం పెరగదు. కాబట్టి శిశువిద్యను అత్యవసర సాయంలో భాగంగానే లెక్కించాలి.

అభ్యర్థులు గుర్తుంచుకోవాల్సింది: 1989 బాలల హక్కుల ఒడంబడికలోని 22వ అధికరణం శరణార్థి పిల్లల రక్షణకు సంబంధించింది. భారత్ 1992లో ఈ ఒడంబడికను ఆమోదించింది. 1951 శరణార్థుల ఒప్పందంలో మాత్రం చేరలేదు.