ఆయాగా పోతే ఆయాగానే పో

డోన్,
ఆదివారం.

చిట్టీ,

నిన్న మీ నాయన ఫోన్ చేసి సంగతంతా చెప్పినాడు. నీతో ఫోన్‌లో మాట్లాడితే ‘ఊ, సరే పెద్దమ్మా’ అని పెట్టేస్తావు. అందుకే ఆళ్లగడ్డకు కాగితమే పంపుతున్నా, రెండుసార్లు చదువు.

నంద్యాలలో ఏదో నర్సింగ్ హోమ్ వాళ్లు అసిస్టెంటుగా రమ్మన్నారట. ఒక ఏడాది అక్కడ చేస్తే చెయ్యి తిరుగుతుందనీ, ఆ తర్వాత బీఎస్సీ నర్సింగ్‌లో చేరొచ్చనీ మీ నాయన లెక్క. ఆ లెక్కలో సగమే నిజం.

నిజం కానిది ముందు చెప్తా. మన దగ్గర నర్సింగ్ సీటుకు అనుభవం ఎవరూ అడగరు. బైపీసీ మార్కులు, ర్యాంకు, డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాయా లేదా, ఇవే చూస్తారు. అమెరికాలో దారి వేరు. అక్కడ నర్సింగ్ అసిస్టెంటు కావాలన్నా కనీసం 75 గంటల శిక్షణ, ఆపైన పరీక్ష ఉంటాయి. అది చేసి వస్తేనే చేర్చుకునే నర్సింగ్ కాలేజీలూ కొన్ని ఉన్నాయి. నువ్వు వీడియోల్లో చూసింది ఆ సంగతి అయి ఉంటుంది. ఇక్కడ జనరల్ డ్యూటీ అసిస్టెంట్ కోర్సు ఉంది, మంచిదే. కానీ ఆ కాగితం పట్టుకొని పోతే నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ రాదు. బీఎస్సీ సీటు ఈసారి అందకపోతే జీఎన్ఎం ఉంది, మూడేళ్లు. దాని మీద రెండేళ్ల పోస్ట్ బేసిక్ చేస్తే బీఎస్సీ అవుతుంది. అంటే ఏడాది ఊరికే పోగొట్టుకోవాల్సిన అవసరం నీకు లేదు.

ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి ఒకటి నీకు చెప్తా. నర్సు ట్రైనింగ్‌కు పోకముందు నేనూ ఇట్లాగే ఒక క్లినిక్‌లో ఆరు నెలలు చేసినాను. ఊరూ పేరూ ఎందుకులే. తెల్లకోటు ఇచ్చినారు. నెల తిరగకముందే కాంపౌండర్ నా చేతికి సిరంజి ఇచ్చి, ‘నడుం కింద పొడువు, అంతే’ అన్నాడు. అప్పట్లో గాజు సిరంజీలు. నీళ్లలో కాచి మళ్లీ మళ్లీ వాడేవాళ్లం. శనక్కాయల చేను పని వదిలి జ్వరంతో వచ్చిన ఒక పెద్దాయనకు నేనే సూది వేసినాను. వారానికి కుంటుకుంటూ వచ్చినాడు. పొడిచిన చోట గడ్డ కట్టి చీము పట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు. ‘సిస్టరమ్మా, ఇంకో సూది వేస్తే తగ్గుతాదా?’ అని అడిగినాడు. ఆ పిలుపుకు నేను ‘ఊ’ కొట్టినాను చూడు, అదీ నా తప్పు. పిరుదులో సయాటిక్ నరం ఏ దారిన పోతుందో, సూది పైభాగంలో బయటి వైపే ఎందుకు వెయ్యాలో ట్రైనింగ్‌లో చెప్తున్న రోజు నాకు చేతులు చల్లబడినాయి. గడ్డతో పోయింది కాబట్టి సరిపోయింది, ఆయన కాలే పడిపోయి ఉంటే?

ఇప్పటికీ చిన్న ఊళ్ల నర్సింగ్ హోముల్లో ఈ ఆట నడుస్తూనే ఉంది. ఇంటర్ పిల్లకు తెల్లకోటు తొడిగి సిస్టరంటారు. జీతం ఆయాది, బాధ్యత నర్సుది. తేడా వస్తే మాత్రం ‘ఆ పిల్ల చేసింది’ అంటారు.

ఇక నిజమైన సగం. బెడ్‌పాన్ పెట్టడం, మంచం మీదనే ఒళ్లు తుడవడం, మనిషిని మంచం దించకుండా దుప్పటి మార్చడం, లేవలేనివాళ్లను రెండు గంటలకొకసారి పక్కకు తిప్పడం. ఇవి ఆయా పనులని నర్సింగ్ విద్యార్థులు కొందరు ముక్కు చిట్లిస్తారు. కానీ వీపు తుడిచేటప్పుడే నడుం దగ్గర ఎర్రబడిన చర్మం కంటపడేది. ఆ ఎరుపే రేపటి పుండు. కేసు షీటులో అది కనపడదు. కర్నూలు పెద్దాసుపత్రిలో ఎందరో స్టాఫ్ నర్సులను చూసినా. ఆయమ్మ మాట చెవిన పెట్టినవాళ్లే మంచి నర్సులైనారు. ఇంకో లాభమూ ఉంది. వాసనకు, రాత్రి డ్యూటీకి, చావుకు నువ్వు తట్టుకోగలవో లేదో ఫీజు కట్టకముందే తెలుస్తుంది.

కాబట్టి పోవద్దని నేను అనను. కౌన్సెలింగ్ అయ్యేదాకా ఆ రెండు మూడు నెలలు పో. సీటు వచ్చిన రోజే మానేస్తానని చేరేటప్పుడే చెప్పు. సర్టిఫికెట్లు అడుగుతారేమో, జిరాక్సులు తప్ప ఒరిజినల్స్ చేతికివ్వొద్దు. చేరకముందే హెపటైటిస్ బి టీకా మొదటి డోసు వేయించుకో. రెండోది నెలకు, మూడోది ఆరో నెలకు. వాడిన సూదులు తెల్ల డబ్బాలో పడాలి. అక్కడ చెత్తబుట్టలో కనపడితే ఆ ఆసుపత్రి సంగతి నీకు అర్థమైనట్టే, ఇంటికొచ్చెయ్. సిరంజి చేతికిస్తే ‘నాకు రాదు సార్’ అను. ఎవరైనా సిస్టర్ అని పిలిస్తే ‘నేను ఆయాను’ అని చెప్పు. చెప్పడానికి సిగ్గనిపిస్తే అసలు పోనేవద్దు.

అంతకన్నా ముందు ఒక పని చెయ్. జేజి తుంటి ఎముక విరిగి నెల నుంచి మంచంలోనే ఉంది. రాత్రిళ్లు తిప్పడానికి నాకు నడుం సహకరించడం లేదు. నంద్యాలలో రైలెక్కు, బేతంచర్ల దాటితే డోనే. పది రోజులకు బట్టలు తెచ్చుకో.

మీ పెద్దమ్మ