కోర్టు, కచేరి, ట్రిబ్యునల్: ఏ మాట ఎక్కడ?



'విచారణ' అనగానే మీకేం గుర్తొస్తుంది? ఆదివారం పూజకు వెళ్లే మనవారికైతే తమ గుడి, తమ ఫాదరుగారు, తమ ఊరి క్రైస్తవ సంఘం. అదే మాట జిల్లా కోర్టు వరండాలో నిలబడ్డ మనిషికి వేరు. అక్కడ విచారణ అంటే సాక్షిని బోనెక్కించి ప్రశ్నించడం. మాట ఒక్కటే, చోటు మారితే అర్థం మారింది. కోర్టు మాటలు చాలావరకు ఇలాంటివే. ఇవి తెలియక మన కుటుంబాలలో కొందరు అనవసరంగా భయపడుతున్నారు, మరికొందరు జాగ్రత్తపడవలసిన చోట ఊరుకుంటున్నారు.

ఇంగ్లీషువారికి రాజసభా కోర్టే, బంతాట స్థలమూ కోర్టే. మనకలా కాదు. రాజు కూర్చుంటే కొలువు, నవాబు కూర్చుంటే దర్బారు. కచేరి సంగతి మరీ చిత్రం. తాలూకా కచేరి అంటే ఒకప్పుడు చేతులు కట్టుకుని నిలబడే ప్రభుత్వ కార్యాలయం. ఇప్పుడు కచేరి అంటే పాట వినడానికి పోయేది! ధర్మాసనం పత్రికల మాట. హైకోర్టులోనో సుప్రీంకోర్టులోనో కేసు విన్న న్యాయమూర్తులను ఉద్దేశించి రాస్తారు. జూనియర్ సివిల్ జడ్జి కోర్టును, అంటే ఒకనాటి మున్సిఫ్ కోర్టును, ఎవరూ అలా అనరు.

అసలు తేడా సివిల్‌కూ క్రిమినల్‌కూ మధ్య ఉంది. పొలం గట్టు తగాదా, అప్పు, ఆస్తి పంపకం సివిల్. అక్కడ వేసేది దావా. వేసినవాడు వాది, ఎదుటివాడు ప్రతివాది, చివరకు వచ్చేది డిక్రీ. దొంగతనం, కొట్లాట క్రిమినల్. అక్కడ ఉండేవాడు ముద్దాయి, నేరం రుజువైతే శిక్ష. ఒకే న్యాయాధికారి సివిల్ విషయం వింటే జిల్లా జడ్జి, నేర విషయం వింటే సెషన్స్ జడ్జి. ముద్దాయి మాటలోనూ ఒక తమాషా ఉంది. ఉర్దూలో 'ముద్దయీ' అంటే దావా తెచ్చినవాడు. మన దగ్గరకు వచ్చేసరికి నేరం మోపబడినవాడయ్యాడు.

సమన్లు వేరు, వారెంటు వేరు. సమన్లంటే రమ్మని పిలుపు. అందులో అవమానమేమీ లేదు. కానీ సివిల్ దావాలో ప్రతివాదికి సమన్లు వచ్చాక సాధారణంగా 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. 'కోర్టు కాగితం మనకెందుకు' అని చూరులో దోపితే, మీరు లేకుండానే మీ పొలం మీద తీర్పు రావచ్చు. దాన్నే ఎక్స్‌పార్టీ అంటారు. వకీలుకు డబ్బు లేదని ఆగవద్దు. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి. లోక్ అదాలత్‌కు ఆధారం కూడా ఈ చట్టమే. అదాలత్‌కు మూలం న్యాయమనే అర్థమున్న అరబ్బీ మాట. అక్కడ ఇద్దరూ ఒప్పుకుంటేనే రాజీ. అయితే ఆ అవార్డు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. కనుక చదివించుకున్నాకే సంతకం పెట్టండి.

ఇక మన మేత్రాసన ట్రిబ్యునల్. లాటిన్‌లో ట్రిబ్యునల్ అంటే రోమా అధికారి కూర్చుని తీర్పు చెప్పే ఎత్తైన వేదిక. పిలాతు కూర్చున్న న్యాయపీఠం అలాంటిదే. ఈ ట్రిబ్యునల్ గురించి 'గుడి కోర్టు విడాకులిస్తుందట' అని జనం చెప్పుకుంటారు. ఇది ముమ్మాటికీ తప్పు. విడాకులంటే ఉన్న పెళ్లిని తెంచడం. రద్దు అన్న మాట కూడా సరిపోదు, ఉన్నదాన్నే కదా రద్దు చేస్తారు. ట్రిబ్యునల్ చూసేది ఒక్కటే: పెళ్లినాడు ఆ వివాహానికి కావలసినవన్నీ నిజంగా ఉన్నాయా? బలవంతంతో తల ఊపిందా? పెద్ద మోసం దాచారా? లోపం రుజువైతే ఆ వివాహం మొదటినుంచీ చెల్లలేదని ప్రకటిస్తుంది. వివాహం పక్షాన వాదించడానికి బంధ రక్షకుడనే అధికారి కూడా ఉంటాడు.

ట్రిబ్యునల్ నుంచి ఉత్తరం అందగానే, 'నేనేం తప్పు చేశానని నన్ను ముద్దాయిని చేశారు ఫాదర్?' అని ఏడ్చే ఆడబిడ్డలున్నారు. అమ్మా, నీవక్కడ ప్రతివాదివి, ముద్దాయివి కాదు. నీ మాట కూడా వినాలనే ఆ పిలుపు. వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పు.

ట్రిబ్యునల్ కాగితం ఒక్కటే పట్టుకుని మళ్లీ పెళ్లి ముహూర్తం పెట్టుకోకండి. అది ప్రభుత్వ చట్టం ముందు నిలవదని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది, 2017లో మళ్లీ అదే వైఖరి తీసుకుంది. జిల్లా కోర్టు నుంచో ఫ్యామిలీ కోర్టు నుంచో డిక్రీ కూడా ఉండాలి. అలాగే కోర్టు విడాకులు ఒక్కటే చూపిస్తే గుడిలో పెళ్లి జరగదు.

పూర్వం చెల్లదన్న తీర్పు రెండు ట్రిబ్యునళ్లలో రావాలి. 2015లో ఫ్రాన్సిస్ పోపుగారు ఆ నియమం తీసివేశారు. ఎవరూ అప్పీలు చేయకపోతే ఒక్క తీర్పు చాలు. అప్పీలు రోమ్‌లోని రోటా దాకా పోవచ్చు. రోటా అంటే చక్రం.

తల్లులు గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటుంది: 'అయితే నా పిల్లలు అక్రమ సంతానమా?' కాదమ్మా. కనీసం ఒకరైనా మంచి మనసుతో, చెల్లుతుందని నమ్మి చేసుకున్న పెళ్లిలో పుట్టిన బిడ్డలు సక్రమ సంతానమేనని తిరుసభ ధర్మశాస్త్రం 1137వ నిబంధన చెబుతోంది.