ఎలుకల మందే గుండె మందు
ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో గుండె పై గదులైన కర్ణికలు లయ తప్పి వణుకుతాయి. అక్కడ నిలిచిన రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతం. దీన్ని అడ్డుకునే పాత మందు వార్ఫరిన్. బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి తిన్న పశువులు రక్తం కారి చనిపోతుంటే, అమెరికాలో కార్ల్ పాల్ లింక్ బృందం కారణం పట్టుకుంది. ఆ పరిశోధన నుంచే పుట్టిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా వచ్చి, 1954లో మనుషులకు అనుమతి పొందింది. పేరు విస్కాన్సిన్ అలమ్నై రీసెర్చ్ ఫౌండేషన్ పొడి అక్షరాల నుంచే.

వార్ఫరిన్ వాడే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ రోగుల్లో, రక్తం గడ్డకట్టే వేగాన్ని చూపే ఐఎన్‌ఆర్‌ను సాధారణంగా 2–3 మధ్య ఉంచుతారు. వార్ఫరిన్‌కు విరుగుడు విటమిన్ కె; అది పాలకూరలో ఎక్కువ. పాలకూర మానక్కర్లేదు గానీ, ఒకరోజు గంపెడు, మర్నాడు సున్నా పనికిరాదు. 2010లో అమెరికా అనుమతించిన మరో మందు డాబిగాట్రాన్‌కు తరచూ ఐఎన్‌ఆర్ పరీక్ష అక్కర్లేదు. గుండెలో యాంత్రిక కవాటం ఉన్నవారికి మాత్రం వార్ఫరినే.