గంటము నిలిచినపుడు

భాగ్యనగరమునకు తూర్పున నున్న నాచారము పారిశ్రామికవాడ. దాని చెంతనే, ఉప్పలుకు పోవు మార్గమున, 1961లో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కలదు. యంత్రమునకు క్రొత్తరూపు కల్పింపనెంచు పనివాడు, భూగర్భమును శోధించు శాస్త్రజ్ఞుడు, రాత్రివేళ దీపము ముందు వ్యాసము వ్రాయు విద్యార్థి - వీరందఱికిని ఏదో యొక గడియలో ఒకే యిబ్బంది కలుగును. చేయి సాగదు. తెలిసినదియు తోచదు. “నా వలన కాదేమో” యను శంక లోపల చేరి కూర్చుండును. ఇది నేటి కాలమున పుట్టిన వ్యాధి కాదు. మహర్షులకును, ఆచార్యులకును, మహాకవులకును ఎదురైనదే. వారు దానిని దాటిన తీరు గృహస్థులందఱు తెలిసికొనదగినది.

కావ్యరచనకు ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసము అను మూడును కావలెనని ఆలంకారికులు చెప్పుదురు. ఈ మూడును కలిసియే హేతువగునని మమ్మటాచార్యుని మతము. ఐనను మూడును గలవానికి సైతము ఒక్కొక్కప్పుడు గంటము నిలిచిపోవును. చమురు, వత్తి, జ్వాల అన్నియు నున్నను కుండ బోర్లించినచో దీపపు వెలుగు బయటికి రాదు గదా! అట్లే ప్రతిభ నశింపలేదు, కప్పబడినది. ఆ కప్పినదేమో కనుగొనుటయే మొదటి పని.

శ్రీమద్భాగవత ప్రథమస్కంధమున ఈ విషయము స్పష్టముగా కలదు. వేదములను విభజించి, భారతమును రచించిన వ్యాసభగవానుడు సరస్వతీతీరమున ఖిన్నుడై కూర్చుండెను. ఇంత చేసియు తృప్తి లేదేల యని ఆయనకే తెలియలేదు. అప్పుడు నారదుడు వచ్చి, ధర్మములను విరివిగా చెప్పితివి గాని వాసుదేవుని మహిమను అంతగా కీర్తింపవైతివని లోపమును ఎఱిగించెను. అంతటి మహర్షి తన కొఱతను ఒకరు చెప్పగా విని, మనస్సును భక్తియందు నిలిపెను. భాగవతము వెలసెను.

తెలుగునాట దీనికి గొప్ప నిదర్శనము ఎఱ్ఱాప్రగడ. పదునొకండవ శతాబ్దమున రాజమహేంద్రవరమునందు రాజరాజనరేంద్రుని ప్రోత్సాహమున భారతమును తెనిగింప మొదలిడిన నన్నయభట్టు ఆది, సభాపర్వములను ముగించి, అరణ్యపర్వము నాలుగవ ఆశ్వాసమున శరద్రాత్రులను వర్ణించుచు నిలిచిపోయెను. తరువాత తిక్కన సోమయాజి విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వములను రచించెనే గాని ఆ మిగిలిన భాగమును తాకలేదు. అరణ్యపర్వమును తెనిగించుట అరిష్టమను ప్రతీతి జనులలో వ్యాపించెను. రెండు వందల యేండ్లకు పైగా ఆ చోటు శూన్యముగనే యుండెను. సంస్కృతమూలము లభించుచునే యున్నది, పండితులును ఉన్నారు. అడ్డుపడినది భయము ఒక్కటియే.

పదునాలుగవ శతాబ్దమున అద్దంకి రెడ్డిరాజైన ప్రోలయవేమారెడ్డి ఆస్థానకవి ఎఱ్ఱన ఆ పనికి పూనుకొనెను. ఆయన చేసిన ఉపాయము అద్భుతము. తాను క్రొత్తగా ఒక గ్రంథమును తలపెట్టినట్లు కాక, నన్నయ పనినే సాగించుచున్నట్లు వ్రాసెను. తన ప్రభువునకు గాక, నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రునకే అంకితము చేసెను. తొలుత నన్నయ నడకలో సాగి, క్రమముగా తిక్కన ధోరణికి చేరెనని విమర్శకులు మెచ్చుకొందురు. నన్నయ శరద్రాత్రి వద్ద ఆగిపోగా ఎఱ్ఱన శరత్కాల సూర్యోదయముతో ఆరంభించెను. రెండు శతాబ్దముల రాత్రి తెల్లవాఱినట్లైనది! పేరును ప్రక్కన బెట్టినవానిని భయము పట్టలేకపోయినది. ఆయన ప్రతిభ తఱుగలేదు సరికదా, అహోబల నృసింహునకు అంకితమైన నృసింహపురాణమున స్వతంత్రముగను ప్రకాశించెను.

ఐతే గంటము నిలిచిన ప్రతిసారియు అది శత్రువే యనుకొనరాదు. భగవద్రామానుజులు శ్రీభాష్యమును చెప్పుచుండగా కూరేశులు వ్రాయుచుండిరి. తనకు సమ్మతము కానిచో గంటము నిలుపుట ఆయన నియమము. జీవాత్మ స్వరూపమును చెప్పునపుడు జ్ఞాతృత్వమును మాత్రమే పేర్కొని, భగవంతునకు శేషభూతుడను మాట రానందున కూరేశులు వ్రాయుట మానిరి. ఆచార్యులకు కోపము వచ్చెను. పిదప ఏకాంతమున విచారించి, శిష్యుడు నిలిపినదే యుక్తమని గ్రహించి, ఆయనను పిలిచి రచన సాగించిరని సంప్రదాయము చెప్పుచున్నది. నిలిచిన గంటము ఒక్కొక్కప్పుడు “దారి తప్పితివి, మఱల చూడుము” అని తెలుపు హితుని వంటిది.

ఈ మూడు గాథలయందును సూత్రమొక్కటియే. కుండ బోర్లించినది “నేను” అను భావము. నా పేరు ఏమగును, నలుగురు నవ్వుదురేమో, నాకు తెలియదని ఒప్పుకొనుట ఎట్లు - ఈ తలంపులే ఊహకు మూత. కావున పని ఆగినపుడు ముందుగా, ఆపినది భయమా, లోపమా యని విచారింపవలెను. భయమైనచో ఎఱ్ఱనవలె పెద్దల అడుగుజాడలో ఒక వాక్యమైనను ప్రారంభింపవలెను. లోపమైనచో వ్యాసునివలె పెద్దల మాటను, రామానుజులవలె చిన్నవారి మాటను కూడ వినవలెను.

నాచారమున గాని, మఱి యే ఊర గాని, ఉదయమున భగవంతుని ముందు దీపము వెలిగించు గృహస్థుడు ఆ దినపు పనిని గూడ ఆ పాదములకడ నుంచి, “ఇది నీ కైంకర్యము” అని తలంచుగాక. ఫలభారము స్వామిదైనపుడు చేయి తేలికపడును. చేయి తేలికపడినచో నిలిచిన గంటము మఱల కదలును.