పక్క కంప్యూటర్‌లో పేజీ ఎందుకు తెరుచుకోదు?

బడిలోని కంప్యూటర్ ల్యాబ్‌కు ఇంటర్నెట్ లేకపోయినా, పాఠాలన్నీ ఒక కంప్యూటర్‌లో పెట్టి మిగతావాటికి అందించవచ్చు. తీరా చూస్తే పాఠాలున్న కంప్యూటర్‌లో పేజీ చక్కగా తెరుచుకుంటుంది, పక్కదానిలో మాత్రం రాదు. వెంటనే కేబుల్‌ను, రూటర్‌ను అనుమానిస్తాం. అంతకంటే ముందు తెరమీది సందేశం చదవాలి.

'కనెక్షన్ రెఫ్యూజ్డ్' అని క్షణంలో వస్తే అది సగం శుభవార్తే. సాధారణంగా మన అభ్యర్థన అవతలి యంత్రం దాకా చేరిందనీ, ఆ పోర్టు దగ్గర వినే ప్రోగ్రామ్ లేక తిరిగి వచ్చిందనీ దాని అర్థం. సర్వర్ 127.0.0.1 అనే చిరునామా మీద మాత్రమే వింటూ ఉండటం దీనికి తరచు కారణం. ఏ కంప్యూటర్‌కైనా ఆ చిరునామా అంటే 'నేనే' అని. పక్క కంప్యూటర్‌లో అదే టైపు చేస్తే అది తనను తానే వెతుక్కుంటుంది! సర్వర్ అమరికలో దాన్ని 0.0.0.0గా మారిస్తే, ఆ యంత్రానికున్న ఐపీవీ4 చిరునామాలన్నిటి మీదా వింటుంది. పిల్లలు మాత్రం 192.168.1.10 వంటి దాని అసలు చిరునామాను పోర్టు సంఖ్యతో కలిపి టైపు చేయాలి.

చాలాసేపు తిరిగి తిరిగి 'టైమ్డ్ అవుట్' అని వస్తే కథ వేరు. ఫైర్‌వాల్ అభ్యర్థనను చడీచప్పుడు లేకుండా పారేస్తూ ఉండవచ్చు. 'పింగ్' పనిచేసిందని ధీమా పడకూడదు; పింగ్ వాడేది ఐసీఎంపీ, ఇలాంటి వెబ్ సేవ సాధారణంగా నడిచేది టీసీపీ మీద. ఫైర్‌వాల్‌ను పూర్తిగా ఆపేయమనే సలహాదారులు ప్రతిచోటా ఉంటారు. అక్కర్లేదు, కావలసిన ఒక్క పోర్టును లోపలి నెట్‌వర్క్‌కు మాత్రమే తెరిస్తే చాలు. అప్పటికీ రాకపోతే, వై-ఫైలో ఒక పరికరం మరొకదాన్ని చేరకుండా ఆపే 'ఐసోలేషన్' అమరిక ఉందేమో చూడాలి. అతిథుల కోసం పెట్టే వై-ఫైలో ఇది మామూలే.